పాడినవారు: తెలియదు

మడకశిర,
2024 జూన్ 11.

ఒకప్పుడు నాతో ఒకే బెంచీ మీద కూర్చున్న హనుమంతుకు,

"ఉగాది లోపల టేపు తెస్తాను కదిరక్కా, నీ కండ్ల ముందరే తుడిపేస్తాను" అని నువ్వు మా గొర్రెల దొడ్డి వాకిట్లో నిలబడి మాట ఇచ్చి నలభై రెండు ఉగాదులు గడిచినాయి. నేను లెక్క తప్పలేదు. లైబ్రరీలో ముప్పై ఏండ్లు పుస్తకాలు ఎవరు ఎప్పుడు తెచ్చిస్తారో చూసుకుంటూ బతికినవాణ్ణి. తిరిగి ఇవ్వనివాళ్ళ పేర్లు నేను మరిచిపోను. ఆ వరసలో మొదటి పేరు నీది.

ఈ ఉత్తరం ఎందుకంటే, మొన్న లైబ్రరీకి పోయినాను. ఇప్పుడున్న లైబ్రేరియన్ పద్మప్రియ మంచి పిల్ల. కానీ దాని బల్ల మీద పుస్తకం కంటే ఫోను ఎక్కువ సేపు ఉంటుంది. నన్ను చూస్తూనే, "సార్, ఇట్ల రాండి, ఒకటి ఇనిపిస్తా. మన తట్టు మాట మాదిరుండాది" అని ఫోను నా చెవికి పెట్టింది. అదేదో యాప్ అంట. 'పాత గొంతులు' అని పేరు. యూనివర్సిటీల బీరువాల్లో బూజు పట్టిన టేపులన్నీ అందులో పెట్టినారు. ఎవరైనా వినొచ్చు. పాట కింద గడులు ఉంటాయి: ఊరు, సందర్భం, పాడినవారు, మాటలు. తెలిసినవాళ్ళు తెలిసింది చేర్చవచ్చు. దొంగిలించిన గొర్రెను సంతలో కట్టేసి, ఇది ఎవరిదో చెప్పండని టముకు వేసినట్టుంది.

ఒక్క గుక్క విన్నాను. మొదటి ఊపిరి తీయడంలోనే తెలిసిపోయింది. ఫోను తిరిగి ఇచ్చేసినాను.

"ఏమైంది సార్?"

"ఏమీ లేదమ్మా. చెవుల్లో పోటు."

కింద రాసి ఉంది: అనంతపురం జిల్లా, 1982. సేకరణ: డాక్టర్ హనుమంతరాయుడు. పాడినవారు: తెలియదు.

తెలియదా హనుమంతూ? ఆమె చేతి సంగటి మూడు రోజులు తిన్నావు. నంజుకోవడానికి ఊరిబిండి కావాలని అడిగి మరీ తిన్నావు. నీ పేరు ముందర డాక్టరు అన్న మాట తెలుసు, ఆమె పేరు తెలియదు.

మరిచిపోయినావేమో, గుర్తు చేస్తాను. శవం లేని ఇంట్లో శోకం పాడకూడదు. ఇది మా తట్టు పసిపిల్లకు కూడా తెలుసు. శవం లేకుండా పాడిన శోకం శవాన్ని వెతుక్కుంటుందని అంటారు. మా అక్క కదిరమ్మ పన్నెండు ఊర్లకు శోకగత్తె. ఎవరింట్లో చావు జరిగినా మనిషి వచ్చి పిలుచుకుపోయేవాడు. చచ్చినవాని తలాపున కూర్చుని, బతికుండగా ఎవరూ అనలేని మాటలన్నీ ఆమె పాటలో పెట్టి అనేది. కోడలికి అత్త మీద ఉన్న కసి, తమ్మునికి అన్న మీద ఉన్న నిష్ఠూరం, అన్నీ. ఆ పూటకు ఎవరూ తప్పు పట్టరు. శోకానికి నిష్ఠూరమే ప్రాణమని తరువాత నువ్వు నీ పుస్తకంలో నలభై పేజీలు రాసుకున్నావు. ఆ ముక్క నీకు చెప్పింది నేను.

నీకు శోకం కావాల, చావింట్లో టేపు పెట్టనీయరు. నీ థీసిస్ ఆగిపోయింది. అక్క ఒప్పుకోలేదు. మూడు రోజులు బతిమాలినావు. నేను కూడా బతిమాలినాను, నిజమే. చివరికి తెలివి నాదే. రుబ్బుగుండును కంబళిలో చుట్టి దక్షిణం తలగా పడుకోబెట్టినాము. దేవుళ్ళను మోసం చేయొచ్చు అనుకునేంత చదువుకున్నాము మనం ఇద్దరం. ఊరి ఆడవాళ్ళందరూ శెనక్కాయ పీకను చేనికి పోయిన పొద్దు చూసుకుని, గొర్రెల కొట్టం దగ్గరికి అక్కను పిలుచుకుపోయినాము. టేపులోని పాట కాగితం మీదికి రాసుకుని, ఉగాది లోపల తెచ్చి తుడిపేస్తానని నువ్వు మాట ఇచ్చినావు. ఆ మాట విన్నాకనే అక్క లోపలికి పోయింది. మీరిద్దరూ లోపల. నేను దొడ్డి వాకిట్లో కాపలా, కుక్కను పట్టుకుని.

ఏప్రిల్‌లో ఉగాది పోయింది. నువ్వు రాలేదు. మే నెలలో మా బావ తిప్పన్న ఎండిపోయిన బావిని లోతు చేస్తుంటే ఒడ్డు కూలి మన్నులో కలిసిపోయినాడు. శోకం శవాన్ని వెతుక్కుందని ఊరు అనింది. గుండును ఏడ్చిన సంగతి ఊరికి ఎట్లనో తెలిసింది. పన్నెండు ఊర్లకు ఏడ్చిన మనిషి, సొంత మొగుని శవం ముందర నోరు తెరవలేదు. కండ్లు తెరుచుకుని కూర్చుంది, అంతే. ఆ తరువాత ఏ చావింటికీ ఎవరూ పిలవలేదు. ఎదురొస్తే ఆడవాళ్ళు పిల్లల్ని పక్కకు లాక్కునేవాళ్ళు. ఆమె ఇరవై ఆరేండ్లు అట్లా బతికింది.

ఆమె పోయిన నెలకు నీ దగ్గర నుంచి ఒక కవరు వచ్చింది. విప్పకుండానే తిప్పి పంపినాను. నీ ఓదార్పు నాకు అక్కరలేదు.

ఇప్పుడు నేను అడిగేది ఒక్కటే. ఆ యాప్ వాళ్ళకు రాసి ఆ పాటను తీసేయించు. తుడిపేయించు. నలభై రెండేండ్లు ఆలస్యమైనా మాట మాటే. లేకపోతే ఆ గడులన్నీ నేనే నింపుతాను. నీ శాలువాలు, నీ సన్మానాలు ఏ గుండు మీద నిలబడినాయో లోకమంతా చదువుకుంటుంది.

నిన్ను మరిచిపోలేకపోయిన,
ముత్యాలప్ప

*

మడకశిర,
జూన్ 25.

హనుమంతూ,

నీ కార్డు అందింది. "మొత్తం విను. చివరిదాకా విను. తరువాత తిట్టు." ఆరు మాటలు. డాక్టరేట్ చేసినవానికి ఇంత పొదుపు ఎక్కడ నేర్పినారు?

నేను వినలేదు. కానీ ఈ రెండు వారాలుగా కూర్చోలేను, పడుకోలేను. ఇంటి నుంచి లైబ్రరీకి, లైబ్రరీ నుంచి బస్టాండుకు, మళ్ళీ ఇంటికి. వాన లేదు. విత్తనం మూటలు విప్పకుండా ఊరంతా మొగం పైకెత్తుకుని ఉంది. ఆకాశం వైపు చూసేవాళ్ళ మధ్య నేలను చూసుకుంటూ నడిచే ముసలోణ్ణి నేనొక్కణ్ణే. టీ అంగట్లో ఎవరో అడిగినాడు, "ఏమప్పా లైబ్రరీ, ఏం పోగొట్టుకున్నావు?" అని. వాన్ని కూడా తిట్టినాను.

పద్మప్రియ చేత నా ఫోనులో కూడా ఆ యాప్ పెట్టించుకున్నాను, వినడానికి కాదు, రాయడానికి. పేరు అడిగింది. 'మడకశిర పాఠకుడు' అని ఇచ్చినాను. పాట కింద "దీన్ని వెంటనే తీసేయండి. ఇది ఇంటి సొత్తు" అని రాసినాను. మర్నాడు కృపాకుమారి అని ఎవరో జవాబు రాసింది. రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే పిల్ల అంట. మిషన్ తొక్కుతూ చెవులో వైరు పెట్టుకుని ఈ పాత పాటలు వింటుంది. అన్నం టయానికి మాటలు ఎక్కిస్తుంది. జీతం లేదు, భత్యం లేదు. వాళ్ళ అవ్వ పాడేదంట, ఆ అవ్వ పాట ఒక్కటి కూడా మిగల్లేదంట. అందుకని ఊర్లోవాళ్ళ అవ్వల పాటలన్నీ రాసి పెడుతోంది. నెంబరు అడిగితే ఇచ్చినాను. గంటకే ఫోను.

"తాతా, ఎందుకు తీసేయమంటావు? ఎంత బాగుండాది!"

"నీకు తెలీదు. వినొద్దు దాన్ని."

"ఇప్పటికి పదిసార్లు ఇన్న్యా. మా సూపర్‌వైజరు కూడా ఇన్న్యాడు. జిప్పు తలకిందులు కుట్టేసినాను పాట ఇంటా ఇంటా. నువ్వు ఆయమ్మకు ఏమైతావు తాతా?"

"ఏమీ కాను."

"ఏమీ కానోడు ఇంత గట్టిగా అరసడు."

నోరు పెద్దది. నాకు చాలాకాలంగా ఎవరూ ఎదురు చెప్పలేదు. ఫోను పెట్టేద్దామనుకున్నాను, పెట్టలేదు.

"పదకొండు నిమిషాల దాకా రాసేసినా తాతా. ఈమె మీ తట్టు మనిషే, మాటలో కన్నడం తగులుతాది. చచ్చిపోయినాయన ఎవురో ఈమె తమ్ముడు. పేరు పెట్టి పిలుస్తాది, ముత్యాలప్పా, ముత్యాలప్పా అని. ఆయన ఎట్ల పోయినాడో, ఏ ఊరో తెలిస్తే సందర్భం గడి నింపేస్తా. నీకు తెలుసా? అవునూ, నీ పేరేమి తాతా?"

ఫోను పెట్టేసినాను.

పేరు పిలవొద్దని చెప్పినాను హనుమంతూ. "ఊరకే ఓ తండ్రీ అని పాడు అక్కా, పేరు మాత్రం పెట్టొద్దు" అని నేనే చెప్పినాను, నువ్వు విన్నావు. కంబళిలో గుండు ఉంది. గుండు పేరు నా పేరు. నేను బయట, మాటలు తెలియనంత దూరంలో, కుక్కను పట్టుకుని నిలబడి ఉండగా లోపల నన్ను దక్షిణం తలగా పడుకోబెట్టుకుని ఏడ్చింది మా అక్క. నువ్వు ఎదురుగా కూర్చుని విన్నావు. బయటికి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, "బాగా పాడిందిరా" అన్నావు. నలభై రెండేండ్లు నోరు ఎట్లా మూసుకున్నావు?

ఆ పిల్ల ఫోను చేసిన రోజు నుంచి ఒక మాట నన్ను కుమ్ముతోంది. మొదటి ఉత్తరంలో "ఊరికి ఎట్లనో తెలిసింది" అని రాసినాను. అది అబద్ధం. ఎట్లనో కాదు. నువ్వు పోయిన వారానికి బస్టాండు హోటల్లో నలుగురు కూర్చుని ఉంటే, మా అక్క పాట యూనివర్సిటీకి పోయిందని, గుండుకు కంబళి చుట్టి శోకం పాడించిన తెలివి నాదని, నేను నవ్వుతూ చెప్పినాను. వాళ్ళు కూడా నవ్వినారు. నరసింహులు టీ గ్లాసు పట్టుకుని, "మీ అక్క గుండును కూడా ఏడిపిస్తాది అన్నా" అన్నాడు. మే నెలలో తిప్పన్న బావను బావిలో నుంచి తీసినప్పుడు, మొదట నోరు తెరిచినవాడు ఆ నరసింహులే. నేను ఆడనే ఉన్నాను. ఆ తెలివి నాది అని అప్పుడు చెప్పలేదు. ఆమె పాడింది అన్నదే ఊరు గుర్తు పెట్టుకుంది, పాడించింది ఎవరో మరిచిపోయింది. నేను గుర్తు చేయలేదు.

ఇది నీకు చెప్పడం నీ తప్పు తగ్గిందని కాదు. నువ్వు టేపు తెచ్చి ఉంటే ఆమె మనసుకైనా నిమ్మళం ఉండేది.

రేపు వింటాను, చివరిదాకా. నీ ఆరు మాటల కోసం కాదు. ఆ పిల్ల సందర్భం గడిలో నేను చచ్చినట్టు రాసేలోగా వినాల గదా.

ముత్యాలప్ప

*

మడకశిర,
జూలై 3.

కదిరక్కా,

నీకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. బతికుండగా రాసినా నువ్వు చదవలేవు. ఎందుకు చదవలేవో నువ్వు ఆ రోజు కొట్టంలో పాడినావు. ఇప్పుడు నాకు కూడా తెలిసింది.

పద్మప్రియ లైబ్రరీ తలుపు దగ్గరికి వేసి, పేపర్లు చదివేవాళ్ళను బయట కూర్చోబెట్టి, నన్ను లోపల కూర్చోబెట్టింది. కృపాకుమారి రాసిన మాటలు ముందర పెట్టుకుని విన్నాను. అక్షరం తప్పు లేదు. ఆ పిల్ల చదివింది ఎనిమిదో తరగతి.

*గొర్రెల దొడ్డి వాకిలి మూసి పోతివా నా ముత్యాలప్పా
గొంగడి మడత ఇప్పకముందే పోతివా నా తమ్ముడా
పలక తెస్తానంటివే, బలపం తెస్తానంటివే
పెన్నలో నీళ్ళొచ్చినాక తెస్తానంటివా నా తమ్ముడా
ఊరందరికీ పుస్తకమిచ్చే ఉపకారివే ముత్యాలప్పా
అక్క బొటనేలికి సిరా పూసి అవతలికి పోతివే నా తమ్ముడా*

నేను హిందూపురం హైస్కూలుకు పోయే రోజు నువ్వు బస్సు దాకా వచ్చినావు. నెత్తిన నా పెట్టె. నాకు పదమూడేండ్లు. "సెలవలకు వచ్చినప్పుడు నీకు నీ పేరు రాసేది నేర్పిస్తాను అక్కా, పలక కూడా తెస్తాను" అన్నాను. ఆ సెలవలకు మరిచిపోయినాను. తరువాతి సెలవలకు సిగ్గుపడినాను. ఆ తరువాత నువ్వు అడగలేదు కాబట్టి అవసరం లేదనుకున్నాను. సొసైటీ అప్పు కాగితం మీద నీ వేలు పట్టుకుని అద్దింది నేనే. "ఊఁ, గట్టిగా ఒత్తక్కా" అన్నాను. వేలు నీ చీర కుచ్చిళ్ళకు తుడుచుకున్నావు. ఆ మరక పోలేదని పాటలో ఉంది. నేను ఆ రోజు మరక చూడలేదు.

నేను చదివిన పుస్తకాలతో ఒక గది నింపొచ్చు. వాటిలో ఒక్కటి కూడా నన్ను ఇట్లా కూర్చోబెట్టి తిట్టలేదు.

పాట పద్నాలుగు నిమిషాలకు అయిపోయింది. టేపు అయిపోలేదు. హనుమంతు ఆపడం మరిచిపోయినాడు. వాడు ముక్కు చీదుకునే చప్పుడు ఉంది. తరువాత మీ ఇద్దరి మాటలు. కృపాకుమారి వాటిని కూడా రాసి పెట్టింది.

"అయిపోయినాదా అక్కా?"

"అయిపోయింది. ఆ గుండు ఇప్పు నాయనా. పొద్దున్నే పిండి రుబ్బుకోవల్ల."

"ఉగాదికి తెచ్చి తుడిపేస్తాలే."

"తుడిపేది ఏమొద్దు."

"అదేందక్కా, ఇప్పుడే గదా వాని ముందర మాట ఇస్తి!"

"అది వాని కోసరం ఇచ్చిన మాట. ఇది నా మాట. నేను బతికుండగా వానికి ఇనిపించొద్దు. నేను పోయినాక ఇననీ."

"వాడు నన్ను తిడతాడక్కా."

"తిట్టనీ. ఎవరినో ఒకరిని తిట్టకుంటే వానికి సంగటి అరగదు."

నువ్వు నవ్వినావు. హనుమంతు కూడా నవ్వినాడు. ఆ నవ్వు బయట నాకు వినబడింది, ఇప్పుడు గుర్తొస్తోంది. పాట బాగా వచ్చినందుకు నవ్వుతున్నారనుకుని నేను కూడా కుక్క తల నిమురుతూ నవ్వినాను.

"పేరేమని రాయాలక్కా?"

"రాయొద్దు. వాడే రాస్తాడులే ఎప్పుడో ఒక పొద్దు. నాకు నేర్పిస్తానన్న పేరే గదా, నాలుగక్షరాలు."

తరువాత కంబళి దులిపిన చప్పుడు. టేపు ఆగిపోయింది.

హనుమంతు మాట తప్పలేదు. నా తిట్లన్నీ తిని నీ మాట నిలబెట్టినాడు. నువ్వు పోయిన నెలకు వాడు పంపిన కవరులో ఉన్నది ఓదార్పు కాదు, టేపు వినడానికి వాడుండే తిరుపతికి రమ్మన్న పిలుపు. నిన్న ఫోనులో చెప్పినాడు. "మళ్ళీ ఎందుకు రాయలేదురా?" అంటే, "తిప్పి పంపినావు కదరా, నాకు మాత్రం రోషం ఉండదా?" అన్నాడు. ఆ రోషంలో పదిహేనేండ్లు పోయినాయంట. చివరికి టేపులన్నీ ఆ యాప్ వాళ్ళకు ఇచ్చేసి, ఎప్పుడో ఒకనాడు ఎవరో ఒకరు నా చెవిలో పెడతారులే అనుకున్నాడంట. గొంతు బాగా ముసలిదైపోయింది వానిది. దగ్గుతున్నాడు. చివరికి, "అక్క మాదిరి ఊరిబిండి ఇప్పుడెవరూ నూరరురా" అన్నాడు. వాణ్ణి ఇంక ఏమి తిట్టేది?

ఒకటి అడగాలక్కా. తిప్పన్న బావ శవం ముందర నువ్వు నోరు తెరవనప్పుడు, శోకం ముందే అయిపోయింది కాబట్టి గొంతు రాలేదని ఊరు అనింది. నేను కూడా అదే నమ్మినాను. కానీ ఆ తరువాత ఎప్పుడో సంగటి పెడుతూ నువ్వు నాతో అన్నావు: "ఆయప్ప మీద నాకు ఏ నిష్ఠూరమూ లేదప్పా. ఏమని ఏడ్చేది?" నేను ముద్ద మింగుతూ పేపరు చదువుతున్నాను. మొగుడు పోయిన ఆడది ఏదో అంటోందనుకున్నాను. శోకానికి నిష్ఠూరమే ప్రాణమని హనుమంతుకు చెప్పిన నాకు ఆ మాట అర్థం కాలేదు. నీ మొగుణ్ణి నువ్వు మౌనంగా ఎంత మెచ్చుకున్నావో ఊరికి తెలియలేదు. శాపమని దూరం జరిగినారు. ఆ దూరం నా నోటి నుంచి మొదలైంది. బస్టాండు హోటల్లో. ఈ ముక్క కూడా పాట కింద సందర్భం గడిలో రాయించినాను, నా పేరుతో సహా. కృపాకుమారి రాసిందంతా ఫోనులో నాకు ఒకసారి చదివి వినిపించింది. తరువాత, "అయితే నువ్వు చచ్చిపోలేదు, అంతే గదా తాతా?" అంది. "ఇంకా లేదు" అన్నాను. పాట తీసేయమన్న నా మాటను కూడా అదే తీసేసింది.

ఇక నా వంతు. శవం ముందరనే నిష్ఠూరం చెప్పాలని కదా మన తట్టు పద్ధతి. నువ్వు నన్ను బతికుండగానే పడుకోబెట్టి చెప్పినావు. నేను నువ్వు పోయిన పదిహేనేండ్లకు చెబుతున్నాను. నా పెండ్లాం పెండ్లయిన నాలుగో ఏడాదికే పోయింది. అప్పటి నుంచి నీ ఊపిరి ఉన్నంతవరకు రోజూ నాకు సంగటి పెట్టినావు. నా ఎదురుగా చాప మీద కూర్చుని, నేను తినేది చూస్తూ, పలక సంగతి ఒక్కసారి ఎత్తలేదు. హనుమంతును తిట్టిన ప్రతిసారీ వింటూ కూర్చున్నావు. వాడు నీ మాట నిలబెడుతున్నాడని తెలిసి కూడా నీ పెదవి కదల్లేదు. ఒక్క మాట, ఒక్క పూట, "ముత్యాలూ, నా పలక యాడరా?" అని మొగం మీద అడిగి ఉంటే నేను తెచ్చేవాణ్ణి. తెచ్చేవాణ్ణో, లేక కోపం తెచ్చుకుని కంచం నెట్టి లేచిపోయేవాణ్ణో, ఇప్పుడు ఎవరు చెబుతారు? అది తేల్చుకునే దారి కూడా లేకుండా చేసినావు. చనిపోయినవాళ్ళకు చెప్పుకునే మాటలు బతికున్న తమ్మునికి చెప్పకుండా దాచుకున్నావు. నేనంత భయపెట్టే మనిషినా? గుండుకు చెప్పినావు, టేపుకు చెప్పినావు, హనుమంతుకు చెప్పినావు. వాకిట్లో ఉన్న నాకు చెప్పలేదు.

హనుమంతును వదిలేసినాను. నరసింహులు ఎప్పుడో పోయినాడు. ఊరికి నీ సంగతే గుర్తు లేదు. నన్ను నేను తిట్టుకునేది ఉంది, దానికి మిగిలిన పొద్దంతా ఉంది. కానీ నా కడుపులో ఇంకా చల్లారని నిష్ఠూరం ఒక్కరి మీదే.

ఈ ఉత్తరం ఫోటో తీసి నీ పాట కిందనే పెడతానంది పద్మప్రియ. పెట్టమన్నాను.

నువ్వు పడుకోబెట్టి ఏడ్చిన తమ్ముడు,
ముత్యాలు

తా.క.: పాడినవారి గడి నింపబోతే పద్మప్రియ, "నేను కొడతాలెండి సార్" అని ఫోను తీసుకోబోయింది. ఇవ్వలేదు. నా బొటనవేలితోనే కొట్టినాను, రెండుసార్లు తప్పు పడింది, రెండుసార్లు తుడిపి మళ్ళీ రాసినాను. 'తెలియదు' అన్న చోట ఇప్పుడు నాలుగక్షరాలు ఉన్నాయి. నేను నేర్పించనివి. నేను ఇప్పటికీ తప్పు పట్టే మనిషి పేరు కూడా అదే: కదిరమ్మ.